మెదడు పొరలకు పాకిన క్యాన్సర్: ఎమ్మారై, వెన్నునీటి పరీక్ష, లిక్విడ్ బయాప్సీ... ఏది మేలు?

"ఎమ్మారైలో కనిపించింది కదా మేడమ్, మళ్లీ వెన్నులో సూది ఎందుకు?" అని ఇంటివాళ్లు అడుగుతారు. "సైటాలజీ నెగెటివ్ వచ్చింది, అంటే లేనట్టేగా?" అని జూనియర్ డాక్టర్లు అడుగుతారు. సైటాలజీ అంటే వెన్నులో సూదితో తీసిన నీటిని మైక్రోస్కోప్ కింద పెట్టి క్యాన్సర్ కణాల కోసం వెతకడం. ఈమధ్య మూడో ప్రశ్న మొదలైంది: "లిక్విడ్ బయాప్సీ అని వచ్చిందట, ఇవన్నీ మానేసి అదే చేయించేద్దామా?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తున్నాను. రోజంతా మైక్రోస్కోప్ ముందు కూర్చునేదాన్ని కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తా. వెన్నునీటి సైటాలజీకే నా ఓటు, కాకపోతే సరిగ్గా తీసి సరిగ్గా పంపిన శాంపిల్ అయితేనే.

ముందు ఎమ్మారై సంగతి. కాంట్రాస్ట్ (జబ్బున్న చోటు మెరిసి కనిపించేలా నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చి తలకీ, మొత్తం వెన్నుకీ తీస్తే చాలా తెలుస్తుంది. మెదడు మడతల వెంబడి సన్నటి తెల్లగీత, నడుము కింద నరాల గుత్తి మీద పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న గడ్డలు. సూది బాధ లేదు, జబ్బు ఎక్కడెక్కడ ఉందో కూడా తెలుస్తుంది. లోపల పెద్ద గడ్డ ఉందేమో, నీరు పారే దారి మూసుకుపోయిందేమో, అసలు వెన్నులో సూది వేయడమే ప్రమాదమేమో కూడా దీంట్లోనే బయటపడుతుంది. అందుకే ఎమ్మారై ఎప్పుడూ ఎల్‌పీకి, అంటే వెన్నులో సూది వేసి నీరు తీయడానికి, ముందే చేయించాలి. ఇంకో కారణం కూడా ఉంది. సూది వేశాక లోపలి ప్రెషర్ తగ్గితే, ఏ జబ్బూ లేకపోయినా పొరలు కాంట్రాస్ట్ పట్టుకుని మెరుస్తాయి, ఆ తర్వాత తీసిన ఎమ్మారైలో ఆ మెరుపు సూది వల్ల వచ్చిందో జబ్బు వల్ల వచ్చిందో తేల్చడం చాలా కష్టం.

అయితే పొరలకి ఏదో అయిందని ఎమ్మారై చెప్పగలదు కానీ, ఏమైందో ప్రతిసారీ చెప్పలేదు. మన దగ్గర టీబీ మెనింజైటిస్ తక్కువేం కాదు. అదే తలనొప్పి, అవే వాంతులు, ఎమ్మారైలో అలాంటి మెరుపే, వెన్నునీటిలో కూడా అలాగే షుగర్ తగ్గి ప్రొటీన్ పెరిగి ఉంటుంది. ఏడీఏ (టీబీ అనుమానం ఉన్నప్పుడు చూసే ఎంజైమ్) పెరిగింది కాబట్టి టీబీయే అనుకోవడానికీ లేదు, లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) పొరలకు పాకినా ఏడీఏ పెరగొచ్చు. పైగా కీమోతో నీరసించిన మనిషికి నిజంగానే టీబీ రావచ్చు. ఒకరికి నెలల తరబడి టీబీ మందులు, ఇంకొకరికి క్యాన్సర్ చికిత్స, రెండింటికీ పొంతనే లేదు. మందు పడకపోతే ఈ క్యాన్సర్‌లో చాలామందికి ఉండేది నాలుగు నుంచి ఆరు వారాలే, అందులో రెండు వారాలు తప్పు దారిలో పోతే ఇంకేం మిగులుతుంది? యూరప్ న్యూరో ఆంకాలజీ, మెడికల్ ఆంకాలజీ సంఘాలు కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, వెన్నునీటిలోనో, పొర నుంచి తీసిన ముక్కలోనో క్యాన్సర్ కణం కనిపిస్తేనే 'ఖాయం' అన్నారు, లక్షణాలూ ఎమ్మారైతో మాత్రమే నడిచేవాటిని వేరే వరసలో పెట్టారు. అంటే కణం దొరకలేదని చికిత్స ఆపమని కాదు. లక్షణాలూ ఎమ్మారై రెండూ స్పష్టంగా ఉంటే డాక్టర్లు మొదలుపెడతారు, పెట్టాలి కూడా.

ఇక సైటాలజీ. దీని మీద ఉన్న ఫిర్యాదు నిజమే, మొదటిసారి తీసిన నీటిలో కణాలు దొరికేది సుమారు సగం మందిలోనే. రెండోసారి తీస్తే అది ఎనభై శాతం దాకా వెళ్తుంది. మూడోసారికి పెద్దగా కలిసొచ్చేదేం లేదు. ఈ 'సగం' అన్న మాట పట్టుకుని చాలామంది పరీక్షనే తీసిపారేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే, ఎందుకంటే ఆ తప్పిపోయిన సగంలో ఎక్కువ భాగం శాంపిల్ మా దగ్గరకి వచ్చేలోపే పోగొట్టుకున్నది.

1998లో గ్లాంట్జ్ అనే పరిశోధకుడి బృందం సరిగ్గా ఇదే లెక్కకట్టింది. 3.5 మి.లీ. పంపితే 68 శాతం మందిలో కణాలు దొరికాయి, 10.5 మి.లీ. పంపితే 97 శాతం. పరీక్ష అదే, మారింది నీటి పరిమాణం. మరి మనకి వచ్చేదెంత? బయోకెమిస్ట్రీకి ఒక సీసా, మైక్రోబయాలజీకి ఒకటి నింపాక అడుగున మిగిలిన ఒకటి రెండు మి.లీ. సైటాలజీకి వస్తుంది. పది మి.లీ. తీస్తే మనిషికేమవుతుందోనని టెన్షన్ పడతారు కానీ, అది రెండు టీస్పూన్లు. పెద్దవాళ్లలో రోజుకి దాదాపు అర లీటరు వెన్నునీరు కొత్తగా ఊరుతూనే ఉంటుంది, ఆ పది మి.లీ. అరగంటలో తిరిగొస్తుంది.

రెండోది టైమ్. వెన్నునీటిలో ప్రొటీన్ బాగా తక్కువ, బయటికి తీసిన కణం అందులో ఎక్కువసేపు నిలవదు. అందుకే అరగంటలోపు ల్యాబ్‌లో పని మొదలవ్వాలంటారు. మొన్నామధ్య రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకావిడ శాంపిల్ వచ్చింది. పొద్దున పదింటికి తీశారు, నా చేతికొచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర, ఉన్నది రెండు మి.లీ. సైటోస్పిన్‌లో (నీటిని గిరగిరా తిప్పి కణాలను స్లయిడ్ మీదకి చేర్చే యంత్రం) తిప్పి, రంగు వేసి చూస్తే కణాలు ఉబ్బిపోయి, అంచులు చెరిగిపోయి, తడిసిన కాగితం మీద సిరా పాకినట్టున్నాయి. అవి క్యాన్సరో కాదో ఎవరూ చెప్పలేరు. నెగెటివ్ అని రాసేస్తే అబద్ధమవుతుందని, శాంపిల్ పనికిరాదు, మళ్లీ పంపండి అని రాశాను. వాళ్లమ్మాయి పైకొచ్చి, "అమ్మకి మళ్లీ సూదా మేడమ్? కాళ్లు పడిపోతాయంటున్నారు అందరూ" అంది. ఆ భయం ఎన్ని ఇళ్లలో ఉందో. అసలు వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, సూది వేసేది దానికి ఇంకా కింద, అక్కడ నీటిలో తేలే నరాలే ఉంటాయి. బొమ్మ గీసి చూపిస్తే అర్థం చేసుకుంది. రెండోసారి పది మి.లీ. తీసి, తీసిన వెంటనే సీసా పట్టుకుని నేరుగా మా దగ్గరికి తెచ్చారు. ఈసారి స్లయిడ్ మీద పెద్ద పెద్ద కణాలు నాలుగైదు గుంపుగా, ముదురు న్యూక్లియస్‌లతో, వెతకక్కర్లేకుండా కనిపించాయి. మర్నాడే చికిత్స గురించి మాట్లాడుకున్నారు.

లిక్విడ్ బయాప్సీ అనేది ఒక్క పరీక్ష కాదు. వెన్నునీటిలో క్యాన్సర్ కణాలను యంత్రంతో పట్టి లెక్కపెట్టేది ఒకటి. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో మి.లీ.కి ఒక్క కణం ఉన్నా పాజిటివ్ అని లెక్కేస్తే 93 శాతం కేసులు దొరికాయి, సైటాలజీ మొదటిసారి ఇచ్చేదానికన్నా చాలా మెరుగు. కాకపోతే అది కణం మీదుండే ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని పనిచేస్తుంది, రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లకి సరిపోతుంది, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి పనికిరాదు. పైగా ఆ సౌకర్యం అన్ని ఊళ్లలో లేదు. రెండోది కణాల నుంచి నీటిలోకి జారిన డీఎన్ఏని వెతకడం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దీని విలువ చాలా ఎక్కువ, ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు బయటపడితే ఏ మాత్ర వేయాలో తేలిపోతుంది, ఆ పని సైటాలజీ చేయలేదు. అందుకని ల్యాబ్ వాళ్లకి నాదొక విన్నపం: నీటిని తిప్పి అడుగున కణాలు తీసుకున్నాక పైన మిగిలిన తేట నీటిని పారబోయకండి, ఫ్రీజర్‌లో పెట్టండి. ఆ డీఎన్ఏ ఉండేది అందులోనే, మళ్లీ సూది వేయకుండానే పరీక్షకి పంపొచ్చు.

లుకేమియా, లింఫోమా అయితే లెక్క వేరు, సైటాలజీతో పాటు ఫ్లో సైటోమెట్రీ (కణాల మీదుండే గుర్తులను యంత్రంతో చదివే పరీక్ష) తప్పకుండా చేయించాలి, అది రెండు మూడు రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది. వెన్నునీటిలో సీఈఏ లాంటి ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ ఉంటే పెరిగే పదార్థాలు) ఎంతున్నాయో, రక్తంలో ఎంతున్నాయో పోల్చి చూస్తే ఒక ఆధారంగా పనికొస్తాయి, వాటితోనే తేల్చేయలేం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ రిపోర్ట్ నెగెటివ్ అని వస్తే, ఆ మాట దగ్గరే ఆగిపోకుండా శాంపిల్ ఎన్ని మి.లీ. అని రాశారో, ఎన్నింటికి తీశారో, ల్యాబ్‌కి ఎన్నింటికి అందిందో చూడండి. రిపోర్టులో లేకపోతే డాక్టర్‌గారిని అడగండి. రెండు మి.లీ. అనీ, మధ్యాహ్నం దాకా వార్డులోనే ఉందనీ తెలిస్తే ఇంకోసారి తీద్దామా అని మీరే అడగండి, ఈసారి సూది వేసే ముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి చెప్పమనండి, సీసా ఎప్పుడొస్తుందా అని మేం చూస్తుంటాం.