ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ ఎస్టిమేటర్: పిల్లలు పనిచేస్తే ఎయిడ్ పోతుందా?

కాలేజీ పిల్లలు సంపాదిస్తే చదువుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం, అంటే ఎయిడ్, మొత్తం పోతుందని మా డల్లాస్ తెలుగువాళ్లలో గట్టి నమ్మకం. మా అమ్మాయికి బేకరీలో పని దొరికిందని తెలిసి కొందరు ఫోన్ చేసి మరీ వద్దన్నారు. ఆ టెన్షన్ ఉన్నవాళ్లు ముందు స్టూడెంట్ ఎయిడ్ ప్రభుత్వ సైటులో ఉన్న ఈ ఎస్టిమేటర్ తెరిచి చూడండి. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. మన ఆదాయం, పిల్లల ఆదాయం, బ్యాంకులో ఉన్నది వేస్తే స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ (ఎయిడ్ తేల్చడానికి వాడే అంకె, ఇది పెరిగితే ఎయిడ్ తగ్గుతుంది) ఎంత రావచ్చో, పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం) ఎంత ఉండొచ్చో చెబుతుంది.

మిగతావన్నీ అలాగే ఉంచి అమ్మాయి సంపాదన ఒక్కటే మార్చి చూశాను. 6,000 డాలర్లు వేస్తే ఏమీ మారలేదు. 15,000 వేస్తే ఇండెక్స్ పెరిగింది గానీ, తన చేతికొచ్చే అదనపు డబ్బుతో పోలిస్తే అది చాలా తక్కువ. 2025-26 లెక్కలో తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి సంపాదనలో 11,510 డాలర్లు మినహాయింపు. దాన్నీ, కట్టిన ట్యాక్సులనూ తీసేశాక మిగిలినదాంట్లో సగమే లెక్కకు వస్తుంది. ఫెడరల్ వర్క్-స్టడీ (ఎయిడ్‌లో భాగంగా ఇచ్చే పార్ట్‌టైమ్ పని) జీతమైతే అసలు కలపరు. నన్ను ఆలోచింపజేసింది పొదుపు సంగతి. విద్యార్థి ఖాతాలో ఉన్న డబ్బులో 20 శాతం లెక్కేస్తారు, తల్లిదండ్రులదైతే ఎక్కువలో ఎక్కువ 5.64 శాతమే.

ఈ ఎస్టిమేటర్‌కు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఇది ఒక్క ఏడాది లెక్కే చూపిస్తుంది. ఎయిడ్ కోసం ఏటా నింపే ఫాఫ్సా ఫారంలో రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తారు కదా. 2025 ఆగస్టులో చేరినవాళ్లకు ఆఖరి ఏడాది, అంటే 2028-29 ఫారంలో 2026 ఆదాయం వస్తుంది. 2027 జనవరి నుంచి సంపాదించేది ఆ నాలుగేళ్ల డిగ్రీలో ఏ ఫారంలోనూ ఆదాయంగా కనబడదు. ఇంత పనికొచ్చే సంగతి మనమే కూర్చుని లెక్కేసుకోవాలి.

హెచ్-4 (హెచ్-1బీ లాంటి వర్క్ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చేది), ఎఫ్-1 (విద్యార్థి) వీసాల మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ అర్హతే లేదు. ఇక్కడే పెరిగిన హెచ్-4 పిల్లలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, వాళ్లకు పనిచేసే అనుమతి కూడా ఉండదు.

సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో ఎయిడ్ ఫారం అడిగే ప్రైవేటు కాలేజీలు తమ సొంత గ్రాంట్లకు వేరే లెక్క వేస్తాయి. పిల్లల వేసవి సంపాదనను ఎలా చూస్తారో వాళ్ల ఎయిడ్ ఆఫీసునే అడగండి.