ఇంట గెలవాలా, రచ్చ గెలవాలా? బోఆ, సై, ఐయూలలో ఎవరి దారి మేలు

కొరియన్ పాప్ సంగీతం, అదే కె-పాప్ మీద వాదన మొదలైతే ఐదు నిమిషాల్లో యూట్యూబ్ వ్యూస్ దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఆ తరువాత ఎవరూ ఎవరి మాటా వినరు. ఒకరి సీడీల అమ్మకాన్ని, ఇంకొకరి వీడియో వ్యూస్‌ని, వేరొకరి స్ట్రీమింగ్‌ని ఒకే తక్కెడలో వేస్తే బియ్యాన్ని గజాల్లో కొలిచినట్టే ఉంటుంది.

బృందాల సంగతి పక్కన పెట్టి, సోలోగా నిలబడ్డ ముగ్గురిని తీసుకుందాం. బోఆ 2000లో, సై 2001లో, ఐయూ 2008లో డెబ్యూ చేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన సామెత. బోఆ ముందు రచ్చ గెలిచింది, ఆ గెలుపుతో ఇంటికొచ్చింది. సై ఇంట్లోనే పాడుతుంటే రచ్చే అతని గుమ్మం ముందుకొచ్చింది. ఐయూ ఇల్లు గెలిచి, చాలాకాలం గడప దాటాలని పెద్దగా ప్రయత్నించనేలేదు. వీళ్ళలో ఎవరిది పెద్ద విజయం, ఎవరి ముద్ర ఎక్కువ కాలం నిలుస్తుంది? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే పేరు జవాబుగా రాదు.

ముందు తూకపు రాళ్ళు సరిచూసుకోవాలి

కొరియాలో ఇప్పుడు అందరూ చూసే సర్కిల్ చార్ట్ 2010 ఫిబ్రవరిలో గావొన్ చార్ట్ పేరుతో మొదలైంది. 2022లో పేరు మార్చారు. బోఆ వెలిగిన 2002, 2003 సంవత్సరాల కోసం అందులో వెతికి ఏమీ కనబడక ‘అంత హిట్టేం కాదులే’ అనుకునేవాళ్ళు చాలామంది. ఆ కాలానికి చూడాల్సింది సీడీ అమ్మకాలు, జపాన్ అయితే అక్కడి అమ్మకాలను లెక్కగట్టే ఓరికాన్ పట్టిక.

సీడీ లెక్కలోనూ తిరకాసు ఉంది. ఈ మధ్య ఒకే అభిమాని ఒకే ఆల్బమ్ పది కాపీలు కొనడం మామూలైపోయింది. లోపల ఎవరి ఫోటోకార్డు వస్తుందో ముందు తెలియదు, పైగా గాయకులు అభిమానులకు సంతకాలు పెట్టే ఫ్యాన్ సైన్‌కి పిలిచే లాటరీలో ఎన్ని కాపీలు కొంటే అన్ని అవకాశాలు. అంచేత ఇవాళ్టి పది లక్షల కాపీలంటే పది లక్షల మంది వినేవాళ్ళు అని అర్థం కాదు. వ్యూస్ విషయానికొస్తే, డబ్బు కట్టి ప్రకటనగా వేయించుకున్న వ్యూస్‌ని తొలి 24 గంటల రికార్డుల్లో లెక్కించబోమని యూట్యూబ్ 2019 సెప్టెంబర్‌లో చెప్పింది. ఆ తేదీకి ముందు రికార్డునీ తరువాతి రికార్డునీ పక్కపక్కన పెట్టడం దండగ. స్ట్రీమింగ్‌లోనూ ఇదే గొడవ: అభిమానులు కూడబలుక్కుని అర్ధరాత్రి పాటను పైకి నెట్టే అలవాటు ముదిరాక, మెలన్ అనే కొరియన్ స్ట్రీమింగ్ యాప్ 2020లో గంటగంటకూ మారే చార్ట్‌ని తీసేసి 24 గంటల వినికిడి లెక్కకు మారింది.

కాబట్టి మొదటి రోజు అంకెని పట్టుకుని వేలాడొద్దు. ఆ గాయకుడు వచ్చాక నియమం ఏదైనా మారిందా, వెనక వచ్చినవాళ్ళు అదే దారి తొక్కారా, పదేళ్ళ నాటి పాటను ఇప్పటికీ జనం కోరి వింటున్నారా, పాట మీద అదుపు ఎవరి చేతిలో ఉంది అన్నవి చూడాలి.

బోఆ: పక్కింటి భాషలో గెలుపు

1998లో అన్న ఆడిషన్‌కు తోడుగా వెళ్ళిన పదకొండేళ్ళ పిల్లను ఎస్‌ఎం ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంగీత కంపెనీ వాళ్ళు ఎంచుకున్నారు. రెండేళ్ళు పాట, డాన్స్‌తో పాటు జపనీస్, ఇంగ్లిష్ నేర్పించారు. 2000 ఆగస్టులో కొరియాలో, 2001 మేలో జపాన్‌లో డెబ్యూ. ఈ వరస యాదృచ్ఛికం కాదు. 1997 ఆర్థిక సంక్షోభంతో కొరియా మార్కెట్ చిక్కిపోయి ఉంది, ఎంపీ3లు వచ్చి సీడీల అమ్మకాన్ని తినేస్తున్నాయి. పక్కనే ఉన్న జపాన్‌లో మాత్రం జనం ఇంకా దుకాణానికి వెళ్ళి సీడీలు కొంటున్నారు.

అప్పటిదాకా చాలామంది కొరియన్ గాయకులు తమ పాటనే తీసుకెళ్ళి అక్కడ అమ్మజూసేవారు. ఎస్‌ఎం మాత్రం ఎవెక్స్ అనే జపాన్ కంపెనీతో చేతులు కలిపి, అక్కడి పాటలనే అక్కడి భాషలో పాడించి, అక్కడి టీవీ కార్యక్రమాల్లో కూర్చోబెట్టింది. 2002 మార్చిలో వచ్చిన ‘లిజన్ టు మై హార్ట్’ ఆల్బమ్ ఓరికాన్‌లో నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఒక కొరియన్ గాయకురాలికి అది మొదటిసారి. అది పది లక్షల కాపీల మార్కు దాటింది, తరువాతి ఏడాది ‘వలెంటి’ ఆల్బమ్ కూడా దాటింది. జపాన్‌లో డిసెంబర్ 31 రాత్రి దేశమంతా చూసే కోహకు కార్యక్రమంలో 2002 నుంచి 2007 దాకా వరుసగా ఆరేళ్ళు పాడింది. ఆ జపాన్ పేరు వెంటబెట్టుకునే 2002 ఏప్రిల్‌లో కొరియాలో ‘నంబర్ వన్’ ఆల్బమ్ విడుదల చేసి, ఇంట కూడా గెలిచింది.

ఎక్కడ బెడిసింది? అమెరికాలో. 2008 అక్టోబర్‌లో ‘ఈట్ యూ అప్’, 2009 మార్చిలో ఇంగ్లిష్ ఆల్బమ్. అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 127వ స్థానం. ఆ పట్టికలోకి ఎక్కిన తొలి కొరియన్ ఆమే, కానీ ఆ తరువాత ఒక్క మెట్టూ ఎక్కలేదు. జపాన్‌లో పనిచేసిన పనిముట్లు, అంటే స్థానిక కంపెనీ బలం, వారం వారం టీవీ, ప్రకటనలకూ సీరియళ్ళకూ పాట కట్టబెట్టడం, ఇవేవీ అమెరికాలో ఆమె వెనక లేవు. రేడియోలో పాట పడకుండా, ఊరూరా కచేరీలు చేయకుండా అప్పట్లో అక్కడ పైకి రావడం చాలా కష్టం. భాష ఒక్కటి నేర్చుకుంటే చాలదని తేలింది.

ఆమె వేసిన దారి మాత్రం పూడిపోలేదు. 2005లో జపాన్‌కు వెళ్ళిన టీవీఎక్స్‌క్యూ బృందం అచ్చంగా ఎస్‌ఎం–ఎవెక్స్ బాటలోనే నడిచింది. 2010లో అక్కడ అడుగుపెట్టిన గర్ల్స్ జనరేషన్, కారా బృందాలకూ అంతకుముందే చదును చేసిన నేల దొరికింది. ఈనాటికీ ఏ పెద్ద కొరియన్ బృందమైనా జపనీస్‌లో విడిగా ఆల్బమ్ వేస్తోందంటే, ఆ అలవాటుకు లాభసాటి మూసను మొదట చూపింది ఈ అమ్మాయే. చిత్రమేమిటంటే, ఇప్పటి కుర్ర అభిమానుల్లో చాలామందికి ఆమె పాట ఒక్కటి కూడా నోటికి రాదు. రోడ్డు వేసినవాళ్ళ పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

సై: ఒక్క పాట, అటుపైన దాని నీడ

సైని ఒక్క పాటవాడు అనేవాళ్ళు 2012కి ముందు అతనికి పదేళ్ళ చరిత్ర ఉందని మరిచిపోతారు. 2001 నాటి తొలి ఆల్బమ్‌కు అసభ్యత పేరిట జరిమానా పడింది. రెండోదాన్ని 19 ఏళ్ళ లోపు వాళ్ళకు అమ్మకూడదన్నారు. కొరియాలో మగవాళ్ళకు తప్పనిసరైన సైనిక సేవకు బదులుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసిన కొలువు సరిగా చేయలేదని తేల్చి, 2007 డిసెంబర్‌లో మళ్ళీ సైన్యంలోకి పంపారు. 2009 జులై దాకా అక్కడే. కొరియా మగ గాయకుల కెరీర్‌ను ఆడవాళ్ళతో పోల్చేటప్పుడు ఈ ఖాళీని లెక్కలో తీసేయాలి. సైకైతే రెండుసార్లు తీసేయాలి.

2012 జులై 15న ‘గంగ్నమ్ స్టైల్’ వచ్చింది. గంగ్నమ్ అంటే నదికి దక్షిణం. సియోల్‌లో హాన్ నది అవతల ఉన్న డబ్బున్న పేట. మనం ‘జూబ్లీహిల్స్ బడాయి’ అంటామే, అలాంటిదాని మీద వెటకారం ఆ పాట. ప్రపంచంలో సగం మందికి ఆ వెటకారం తెలియనే తెలియదు, గుర్రం స్టెప్పు తెలిస్తే చాలింది. అర్థం కాకపోవడం అడ్డం కాలేదు. చేతులు అడ్డంగా పెట్టి గెంతడానికి ఏ భాషా రానక్కర్లేదు, డాన్స్ రాకపోయినా పర్లేదు. చూసిన ప్రతివాడూ తన ఊరి పేరుతో ఒక నకలు వీడియో తీయగలిగాడు.

2012 డిసెంబర్ 21న యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్ దాటిన మొట్టమొదటి వీడియో అయింది. 2014 డిసెంబర్‌లో, 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాటితే పాత 32 బిట్ల లెక్కలో అంకె పట్టదు కాబట్టి 64 బిట్లకు మార్చామని యూట్యూబ్ ప్రకటించాల్సి వచ్చింది. 2017 జులై దాకా అత్యధికంగా చూసిన వీడియో అదే.

ఇంత జరిగినా అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానం దక్కలేదు. ఏడు వారాలు వరుసగా రెండో స్థానంలో ఉండిపోయింది. కారణం సాదా: అప్పటి హాట్ 100 లెక్కలో రేడియోకు, అమ్మకాలకు బరువు ఉంది, యూట్యూబ్ వ్యూస్‌కు లేదు. అమెరికా రేడియో ఆ కొరియన్ పాటను అంతగా వేయలేదు. యూట్యూబ్ వ్యూస్‌ని లెక్కలో చేర్చింది 2013 ఫిబ్రవరిలో, అంటే ఈ పాట ఊపు తగ్గాక. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు. తరువాత ఇంటర్నెట్ పాటలెన్నో ఆ కొత్త నియమంతో పైకెక్కాయి. కొరియాకు హాట్ 100 మొదటి స్థానం దక్కడానికి 2020లో బీటీఎస్ బృందం దాకా ఆగాల్సి వచ్చింది.

దెబ్బ తగిలింది తరువాతి పాటతో. 2013 ఏప్రిల్‌లో వచ్చిన ‘జెంటిల్మన్’ హాట్ 100లో 5 దాకా వెళ్ళింది. ఇంకెవరికైనా అది పండగ, సైకి మాత్రం దిగుడు. వీడియోలో రోడ్డు మీది ట్రాఫిక్ కోన్‌ను తన్నాడని కేబీఎస్ టీవీ దాన్ని నిషేధించింది కూడా. 2014లో అమెరికన్ ర్యాపర్ స్నూప్ డాగ్‌తో చేసిన ‘హ్యాంగోవర్’ 26 దగ్గర ఆగింది. వైరల్ పాటతో వచ్చిన కోట్ల మంది పాటకు వచ్చినవాళ్ళు, మనిషికి కాదు. వాళ్ళను అభిమానులుగా పట్టి ఉంచే ఏర్పాటు ఏదీ అతని దగ్గర లేదు.

అక్కడితో కథ ముగిసిందనుకుంటే సైని తక్కువ అంచనా వేసినట్టే. కొరియాకు తిరిగొచ్చి, వేసవిలో జనాన్ని నిలువెల్లా తడిపే నీళ్ళ కచేరీని ఏటా జరిగే పండగలా నిలబెట్టాడు. ఒక్కో కచేరీకి 300 టన్నుల నీళ్ళు పడతాయని 2022లో తానే చెప్పి, ఆ ఏడు కరువు కావడంతో తిట్లు కూడా తిన్నాడు. 2019లో పీ నేషన్ అనే సొంత కంపెనీ పెట్టాడు. ఇంట్లో అతని గిరాకీకి ఢోకా లేదు.

ఐయూ: కలం చేతిలో ఉన్న మనిషి

ఐయూ 2008 సెప్టెంబర్‌లో, పదిహేనేళ్ళకు డెబ్యూ చేసింది. అంతకుముందు ఇరవై దాకా ఆడిషన్లు పోయాయి. వచ్చిన తొలి పాటా పోయింది. రెండేళ్ళ తరువాత, 2010 డిసెంబర్‌లో ‘గుడ్ డే’ ఐదు వారాలు గావొన్ మొదటి స్థానంలో కూర్చుంది. ఆ పాట చివర్లో ఊపిరి పీల్చకుండా, అర స్వరం చొప్పున మూడు మెట్లెక్కే ఒక పలుకు ఉంది. ఆ మూడు మెట్లే ఆమెకు పేరు తెచ్చాయి, ‘జాతి చెల్లెలు’ అనే ముద్రా వేశాయి. 2010ల దశాబ్దంలో మేటి వంద కె-పాప్ పాటల జాబితాలో బిల్‌బోర్డ్ దీన్నే మొదట నిలిపింది.

చెల్లెలి ముద్ర పడిన గాయనికి ఇరవై అయిదు దాటితే పని అయిపోతుంది, సాధారణంగా. ఐయూ తప్పించుకున్న తీరు గమనించదగ్గది: వయసును దాచకుండా, దాన్నే పాటకు సరుకు చేసుకుంది. 2015లో ‘ఇరవై మూడు’, 2017లో ఇరవై అయిదు మీద ‘ప్యాలెట్’, 2020లో ఇరవై ఎనిమిది మీద ‘ఎయిట్’, 2021లో ఇరవైలకు వీడ్కోలుగా ‘లైలాక్’. ఇవన్నీ పుట్టగానే ఒకటి అని లెక్కపెట్టే కొరియా పద్ధతి వయసులు. మాటలు తనవే. 2015 ఆల్బమ్‌తో నిర్మాణమూ తన చేతికే తీసుకుంది. తోటివయసు అమ్మాయి ఏటేటా తనతోపాటే పెద్దదవుతుంటే వినేవాళ్ళు ఎక్కడికి పోతారు?

దీనికీ వెల ఉంది. మాటలు తనవైతే మాట కూడా తన మీదికే వస్తుంది. అదే 2015 ఆల్బమ్‌లో, ప్రసిద్ధ బ్రెజిల్ నవలలోని పసివాడి పాత్రను తీసుకుని రాసిన పాట మీద పుస్తక ప్రచురణకర్తే అభ్యంతరం చెప్పాడు. ఆమె క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఏజెన్సీ రాయించిన పాటైతే తప్పు ఏజెన్సీ ఖాతాలో పోయేది.

రెండో ఎత్తు ఇంకా తెలివైనది. 2014లో పాత కొరియన్ పాటలను తిరిగి పాడి ఒక ఆల్బమ్ చేసింది. సనుల్లిమ్ బృందపు పాటను, ఆ బృందానికి చెందిన కిమ్ చాంగ్ వాన్‌తోనే కలిసి పాడింది. దాంతో తల్లిదండ్రుల తరమూ వచ్చి చేరింది. ఇంట్లో మూడు తరాలు వినే గొంతుకు ఫోటోకార్డుల లాటరీ అవసరం ఉండదు. 2022 సెప్టెంబర్‌లో సియోల్‌లోని జామ్‌సిల్ ఒలింపిక్ స్టేడియంలో సోలో కచేరీ చేసిన తొలి కొరియన్ గాయని అయింది. ‘గుడ్ డే’, ‘ప్యాలెట్’ పాటలను ఇక కచేరీల మామూలు పాటల జాబితాలో పెట్టనని అక్కడే చెప్పింది. పెద్ద హిట్‌ను చేతులారా పక్కన పెట్టే ధైర్యం మిగతా పాటలు నిలబడతాయన్న నమ్మకం ఉన్నవాళ్ళకే వస్తుంది.

లోటు ఎక్కడంటే కొరియా బయట. కొరియన్ రానివాళ్ళకు ఆమె పాటలో సగం అందదు. మాటల్లో ఉన్న గుట్టు సబ్‌టైటిళ్ళలో ఆవిరైపోతుంది. అమెరికాలో టూర్ చేయడం 2024 దాకా కుదరలేదు. బయటివాళ్ళలో చాలామంది ఆమెను పాట కంటే ముందు ‘మై మిస్టర్’, ‘హోటల్ డెల్ లూనా’ సీరియళ్ళ నటిగా ఎరుగుదురు.

అయితే ఏది మేలు

అడిగేది కంపెనీ అయితే బోఆ దారి. భాష, స్థానిక భాగస్వామి, రెండేళ్ళ తయారీ ఉంటే మరొకరితో మళ్ళీ చేయొచ్చు. చేశారు కూడా. ముగ్గురిలో నకలు తీయగల దారి అదొక్కటే. సై దారిని ఎవరూ ఎంచుకోలేరు, పిడుగు ఎక్కడ పడాలో ఎవరు చెప్పగలరు? అతనికే రెండోసారి పడలేదు. కానీ కొరియా అనే పేరు పాటతో ముడిపడి మారుమూల పల్లె దాకా వెళ్ళింది మాత్రం అతని వల్లే. నియమాల్ని, లెక్కల్ని కదిలించిన ఘనతా అతనిదే.

పాడే మనిషి అడిగితే మాత్రం తడుముకోకుండా ఐయూ దారి. పైకెక్కిన ఎత్తు చూస్తే సై ముందు, తెరిచిన తలుపులు చూస్తే బోఆ ముందు. ముప్పై దాటాక కూడా తన పాట తానే రాసి, తనకు కావలసినప్పుడు పాడి, వద్దనుకున్నది వదిలేయగల స్థితి మాత్రం ఐయూకి ఎక్కువ. సైకీ సొంత కంపెనీ ఉంది నిజమే, కానీ ఏ వేదికెక్కినా గుర్రం ఎక్కక తప్పదు.

వినడం మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఒక దగ్గరిదారి: బీటీఎస్ బృందంలోని సుగా ఐయూతో ‘ఎయిట్’ చేశాడు, సైతో 2022లో ‘దట్ దట్’ చేశాడు. మన దగ్గర చాలామంది ఈ ఇద్దరి దాకా వచ్చింది ఆ గుమ్మంలోంచే. అక్కణ్ణుంచి సై 2002 నాటి ‘ఛాంపియన్’కు, ఐయూ ‘ప్యాలెట్’ ఆల్బమ్‌కు వెనక్కి వెళ్ళండి. బోఆను మాత్రం ఇంగ్లిష్ ఆల్బమ్‌తో మొదలుపెట్టొద్దు. 2002 నాటి ‘నంబర్ వన్’ వినండి, ఆ తరువాత పదేళ్ళకు ఆమె తానే రాసుకున్న ‘ఓన్లీ వన్’ వినండి.