మూతపడ్డ పాత ఇంగ్లిష్ పబ్: కాటేజీలుగా విడగొట్టాలా, ఒకే ఇల్లుగా ఉంచాలా? ఏది మేలు?

ఇంగ్లండ్‌లో ఒక పాత పబ్ మూతపడితే, ఊరివాళ్లే కొనుక్కుని నడుపుకోవడాన్ని మించింది లేదు. లండన్‌లోని ఐవీ హౌస్ అనే పబ్‌ను 2013లో అలాగే కాపాడుకున్నారు. అది కుదరనప్పుడు ఇళ్లుగా మార్చక తప్పదు. అప్పుడు నాలుగైదు కాటేజీలు చెయ్యడం మేలా, ఒకే ఇల్లుగా ఉంచడం మేలా? ఆ పబ్ మొదట దేనికోసం కట్టిందో చూస్తే జవాబు దొరుకుతుంది.

గుర్రపు బగ్గీల కాలం నాటి సత్రమైతే నా ఓటు కాటేజీలకే. రోడ్డు వైపు బగ్గీ దూరేంత కమాను, లోపల పెద్ద ముంగిలి, చుట్టూ గుర్రపుసాలలు, పైన బాటసారుల గదులు. లండన్ సదర్క్‌లో జార్జ్ ఇన్ చూడండి. 1676లో కాలిపోతే మళ్లీ కట్టారు. బయటి చెక్క వసారాల వెంట పై గదులు వరసగా ఉంటాయి. 1889లో రైల్వే కోసం చాలా భాగం పడగొట్టగా ఒక్క వైపే మిగిలింది, అయినా అది ఇప్పటికీ పబ్బే. ఇలాంటి కట్టడం పుట్టుకతోనే భాగాలుగా ఉంటుంది. ఒక్కో భాగానికి ముంగిలిలోకి తలుపు పెట్టడం తేలిక, ముంగిలి అందరికీ ఉమ్మడి. దాన్నంతా ఒకే కుటుంబానికి ఇస్తే సగం గదులు తాళాలేసే ఉంటాయి.

1830 నాటి బీరు చట్టం తర్వాత పుట్టిన చిన్న బీరు ఇళ్ల సంగతి వేరు. రెండు గినీలు (అప్పటి ఇంగ్లిష్ డబ్బు) కట్టి లైసెన్స్ తీసుకుంటే చాలు, మామూలు జనం కూడా ఇంటి ముందు గదిలోనే బీరు అమ్ముకోవచ్చన్నారు. అలాంటి చోట ఉండేది ఒకే మెట్ల దారి, ఒకే పెద్ద ఫైర్‌ప్లేస్. దాన్ని రెండుగా చీలిస్తే ఒకరికి పొయ్యి, ఇంకొకరికి బోడి గోడ. ఇల్లుగా పుట్టినదాన్ని మళ్లీ ఇల్లుగానే వదిలెయ్యాలి.

విడగొట్టడంలో అసలు టెన్షన్ అడ్డుగోడ దగ్గరే. ఓక్ చట్రంతో కట్టిన పాత పబ్‌లో దూలం కింద నిలబడి తల ఎత్తితే, ఒక్కోసారి వడ్రంగి ఉలితో చెక్కిన రోమన్ అంకెలు కనిపిస్తాయి. ఏ కొయ్య ఏ కొయ్యతో కలవాలో చెప్పే గుర్తులవి. రెండు ఇళ్ల మధ్య గోడ మంటనూ చప్పుడునూ ఆపాలి కాబట్టి మందంగా బోర్డులు కొడతారు. కొలత మాత్రమే చూసి గది నడిమధ్యలో ఆ గోడ లేపితే ఆ అంకెలు శాశ్వతంగా కప్పబడిపోతాయి. పాత చట్రం ఎక్కడ ఆగిందో అక్కడే గోడ రావాలి, దానివల్ల ఒక కాటేజీ చిన్నదైనా సరే.

కాటేజీలైనా, ఒకే ఇల్లైనా సిమెంట్ మాత్రం వద్దు. మన పల్లెల్లో తడికల మీద మట్టి మెత్తినట్టే అక్కడా కొయ్యల మధ్య అల్లిన పుల్లల మీద మట్టి మెత్తి, పైన సున్నం పూసేవారు. సున్నం తేమను బయటికి వదులుతుంది. సిమెంట్ పూస్తే ఆ తేమ లోపలే నిలిచి ఓక్ కొయ్య కుళ్లుతుంది. రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న పబ్‌కి అనుమతి లేకుండా దాని స్వరూపం మారేలా పని చేయించడం 1990 చట్టం ప్రకారం నేరం కూడా.

కమాను మూసేసి ఇంకో పడకగది చేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను. నాలుగు ఇళ్లవాళ్లూ రోజూ ఆ కమాను కిందనుంచే ముంగిలిలోకి రావాలి, ఒకప్పుడు బగ్గీలు వచ్చిన దారినే.