జైసల్మేర్ హవేలీలు: ఝరోఖాలో కూర్చుంటేనే తెలుస్తుంది

జైసల్మేర్ అనగానే కోట, ఒంటె సవారీ, ఇసుక దిబ్బల దగ్గర రాత్రి బస అని ప్యాకేజీలు కట్టేస్తారు. పాతకాలపు సంపన్నుల పెద్ద ఇళ్లైన హవేలీలకు అందులో దక్కేది ఒక గంట. నన్నడిగితే కనీసం ఒక పూటంతా వాటికే ఉంచుకోండి, అదీ ఎండ బాగా ఉన్న పూట.

పట్వా హవేలీలు ఒకే ఇల్లు కాదు, పక్కపక్కనే ఉన్న ఐదిళ్లు. గుమాన్ చంద్ పట్వా అనే వ్యాపారి తన ఐదుగురు కొడుకుల కోసం 1805లో మొదలుపెట్టించాడు. కింద సందు ఇరుకు. తలెత్తితే గోడ కనబడదు, అన్నీ ఝరోఖాలే, అంటే గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ లాంటి కిటికీలు. చెక్కిన రాతి బ్రాకెట్ల మీద నిలబడి, పైన వంపు తిరిగిన చిన్న కప్పు, పక్కల జాలీ, అంటే రంధ్రాలు చెక్కిన రాతి తెర. అందరూ ఇక్కడే ఫొటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు. లోపలికి వెళ్లండి. ఆ ఐదింటిలో ప్రైవేటు మ్యూజియంగా నడుస్తున్న కొఠారీ హవేలీలో అప్పటి సామాన్లు, వంటగది, అద్దాల పనితనం చక్కగా అమర్చారు. ప్రభుత్వం చూసుకునే ఇంట్లో సామాన్లు తక్కువే కానీ రద్దీ కూడా తక్కువ. టికెట్లు వేరువేరు. ఒక్కటే చూసే వీలుంటే కొఠారీ హవేలీనే చూడమంటాను.

పై అంతస్తులో ఒక ఝరోఖాలో కాసేపు కూర్చున్నాను. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల మాత్రం నీడ. జాలీ రంధ్రాల్లోంచి వచ్చే గాలి ముఖానికి చల్లగా తగిలింది. ముందుకు వచ్చిన కిటికీ నీడ కింది గోడ మీద పడుతుంది, చెక్కడాల నీడలు వాటి పక్క రాతి మీదే పడతాయి. అంటే గోడలో చాలా భాగానికి ఎండ నేరుగా తగలదు. మూడు వైపులా తెరిచి ఉండటంతో వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడుతుంది, వీధిలోవాళ్లకు మాత్రం లోపల ఎవరున్నారో తెలియదు. పరదా పాటించిన ఆడవాళ్లు ఊరేగింపులు, బేరసారాలు అన్నీ ఇక్కడి నుంచే చూసేవారు. మన పల్లెల్లో వీధి అరుగు మీద కూర్చున్నవాళ్లు దారిన పోయేవాళ్లను పలకరిస్తారు. ఇక్కడ చూడటమే తప్ప పలకరింపు లేదు. ఆ తేడా నన్ను చాలాసేపు వదల్లేదు.

దివాన్ సలీం సింగ్ హవేలీ కింద సన్నగా ఉండి, పై అంతస్తు బాల్కనీలతో వెడల్పుగా బయటికి విచ్చుకుంటుంది. దీన్ని దూరం నుంచి చూడాలి. 1885 నాటి నథ్మల్ హవేలీలో కుడి ఎడమ భాగాలను అన్నదమ్ములైన ఇద్దరు శిల్పులు విడివిడిగా చెక్కారట. దగ్గరికెళ్లి పోల్చి చూస్తే తేడాలు దొరుకుతాయి, పిల్లలుంటే బాగా ఎంజాయ్ చేస్తారు. లోపల చూడటానికి ఎక్కువేమీ లేదు, పెయింటింగ్స్ కొనమని అడుగుతారు.

బస విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. కోట లోపల ఝరోఖా ఉన్న గది అని చూసి బుక్ చేశాం. తీరా వెళ్తే కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ, ఏసీ యూనిట్. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. మర్నాడే కోట బయట డాబా మీద భోజనం పెట్టే చిన్న హోటల్‌కు మారాం. అక్కడి నుంచి కోట మొత్తం కనబడింది, సర్వీసూ బాగుంది. మా గది సంగతి పక్కన పెట్టినా బయట ఉండటమే మంచిది. ఇప్పటికీ జనం కాపురముంటున్న కోట అది. నీటి వాడకం పెరిగి, మురుగు కొండలోకి ఇంకి పునాదులు దెబ్బతింటున్నాయి, కొన్ని బురుజులు కూలాయి కూడా. లోపలే బస చేయాలనుకుంటే బుక్ చేసేముందు ఆ గది కిటికీలోంచి తీసిన ఫొటో పంపమని అడగండి.

గైడ్‌ను పట్వా హవేలీలకు మాత్రం పెట్టుకోండి, మిగతావి మీరే తిరగొచ్చు. షాపులకు తీసుకెళ్లొద్దని బేరమాడేటప్పుడే చెప్పండి.