యెరూషలేములో రెండు రోజులు అదనంగా

2023 ఏప్రిల్‌లో చర్చి బృందంతో వెళ్లాం. ప్యాకేజీలో బస బేత్లెహేములో. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనానికి లోటు లేదు. కానీ యెరూషలేము దారిలో ఇజ్రాయెల్ చెక్‌పోస్టు దగ్గర ఎంతసేపు ఆగాలో తెలియక రోజూ టెన్షనే. టూర్ అయ్యాక నేనూ మా ఆవిడా యెరూషలేములో రెండు రోజులు ఉండిపోయాం.

పాత నగరంలో జాఫా గేట్ దగ్గర చిన్న లాడ్జి తీసుకున్నాం. జాఫా అంటే మన బైబిల్లో యొప్పే. అన్నీ నడిచి చూడొచ్చు. లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. అక్కడే ఇంపీరియల్, పెట్రా అనే పాత హోటళ్లున్నాయి. 2004లో గ్రీకు ఆర్థొడాక్స్ చర్చి నుంచి వీటి దీర్ఘకాలిక లీజు పాలస్తీనీయుల పేటల్లో యూదులను స్థిరపరిచే సంస్థ అతెరెత్ కొహనీం చేతికి వెళ్లింది. అందులో లంచం, మోసం ఉన్నాయంటూ చర్చి ఏళ్ల తరబడి పోరాడి, 2022 జూన్‌లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ఆ హోటళ్లను నడుపుతూ వచ్చింది పాలస్తీనా అద్దెదారులు.

మర్నాడు ట్రామ్‌లో షిమోన్ హత్సదీక్ స్టాప్‌లో దిగి తూర్పు యెరూషలేములోని షేక్ జర్రా పేటకు వెళ్లాం. యూదు భక్తులు వచ్చే సమాధి, దాని చుట్టూ పాలస్తీనా ఇళ్లు. ఈ నేలను 19వ శతాబ్దంలో యూదు ట్రస్టులు కొన్న మాట నిజం. 1948 యుద్ధంలో అక్కడి యూదులు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చిన మాటా నిజమే. 1956లో, అప్పుడు ఈ ప్రాంతాన్ని పాలిస్తున్న జోర్డాన్ ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కలిసి 28 పాలస్తీనా శరణార్థి కుటుంబాలకు ఇక్కడ ఇళ్లిచ్చాయి. బదులుగా వాళ్లు రేషన్ కార్డులు వదులుకున్నారు. మూడేళ్లకు ఇల్లు తమ పేరున రావాలి. రాలేదు.

1967లో తూర్పు యెరూషలేము ఇజ్రాయెల్ చేతికి వచ్చింది. 1970 ఇజ్రాయెల్ చట్టంతో అక్కడ 1948కి ముందు ఆస్తులున్న యూదులు వాటిని తిరిగి అడగొచ్చు. పశ్చిమాన ఇల్లు పోయిన పాలస్తీనీయుడికి ఆ దారి లేదు, 1950 చట్టం అతని ఆస్తిని ప్రభుత్వపరం చేసింది. నాకు మింగుడుపడనిది ఇదే. భూమి తమదన్న యూదు సంస్థలతో కుదిరిన 1982 రాజీలో షేక్ జర్రా కుటుంబాలను రక్షిత అద్దెదారులన్నారు. తమను అడగకుండానే వకీలు ఒప్పుకున్నాడని చాలామంది అంటారు. అద్దె కట్టలేదని 2008, 2009లో కొందరిని సామానుతో సహా వీధిలో పెట్టారు. 2022 మార్చిలో సుప్రీంకోర్టు నాలుగు కుటుంబాలను, భూమి హక్కు తేలేదాకా కదిలించవద్దంది.

ఒక పెద్దాయన మమ్మల్ని లోపలికి పిలిచి టీ ఇచ్చారు. కోర్టు కాగితాల సంచి తలుపు పక్కనే, చేతికందేలా ఉంది.

శనివారం ట్రామ్ ఉండదు. డమాస్కస్ గేట్ నుంచి అరబ్ బస్సులు తిరుగుతాయి. మా గైడ్ షేక్ జర్రాను బస్సు కిటికీలోంచి కూడా చూపించలేదు. ఈసారి వెళ్లే బృందానికి అక్కడ ఒక పూట కేటాయించమని మా సంఘ పెద్దలకు చెప్పాను.