నాలుగు సీజన్లు, 67 రోజులు, ఒకే స్నోబోర్డు

ఫోన్‌లో లెక్క రాసుకునే అలవాటుంది కాబట్టి సరిగ్గా చెప్పగలను. రెండు కాళ్ళూ బిగించుకుని మంచు కొండ మీద జారే ఈ బోర్డు మీద ఇప్పటికి 67 రోజులు గడిపాను. సగానికి పైగా సియాటెల్ దగ్గరి స్నోక్వాల్మీ కొండ మీద, ఆఫీసు అయ్యాక లైట్ల కింద. మిగతావి స్టీవెన్స్ పాస్‌లో, క్రిస్టల్ మౌంటెన్‌లో, ఒకసారి విస్లర్‌లో. ఐదారు రోజులు పూర్తిగా వానలో. సియాటెల్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఈ చివరి మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. బోర్డు మీద బొమ్మ ఏటా మారుతుంది, ఒక్కోసారి పేరు అదే ఉండి లోపలి సరుకు కూడా మారుతుంది. ఇలాంటి కొలతలతో పెద్ద కంపెనీలన్నీ ఒకటో రెండో చేస్తూనే ఉంటాయి. కాబట్టి కొలతలు ఇస్తాను, వాటిని పట్టుకుని వెతకండి. పేరూ రంగూ చూసి కొన్న అనుభవం నాకు ఒకటుంది, దాని సంగతి కింద వస్తుంది.

పొడవు 156 సెంటీమీటర్లు, నడుము (బోర్డు మధ్యలో సన్నటి చోటు) దగ్గర వెడల్పు 25.3. గట్టిదనం కంపెనీ లెక్కలో పదికి ఆరు. రెండు కాళ్ళ మధ్య క్యాంబర్, ముక్కు (ముందు కొస) దగ్గరా తోక (వెనక కొస) దగ్గరా కొద్దిగా రాకర్; ఈ రెండూ ఏమిటో కింద చెబుతాను. ముక్కు తోకకంటే కాస్త పొడుగు. అడుగు భాగం సింటర్డ్ రకం, అంటే ప్లాస్టిక్ పొడిని వేడితో, ఒత్తిడితో గట్టిపరిచి చేసింది. ఇక నా కొలతలు: ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, బరువు 73 కిలోలు, బూటు అమెరికా సైజు 9.5, ఎడమ కాలు ముందు. కొన్నప్పుడు నా స్థాయి ఏమిటంటే, గ్రీన్ రన్లు (తేలిక వాలు దారులు) ధైర్యంగా, బ్లూ రన్లు (మధ్యస్థం వాలువి) దేవుడి మీద భారం వేసి.

అంతకు ముందు సెకండ్ హ్యాండ్‌లో కొన్న 151 సెంటీమీటర్ల బోర్డు ఉండేది. మెత్తటిది, మొత్తం రాకర్. నీలం మీద నారింజ రంగు గీతలు, చూడముచ్చటగా ఉండేది. అదే కొనడానికి కారణం. నేర్చుకునే రోజుల్లో దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పాదంతో కాస్త తోస్తే తిరిగేది, తప్పు చేసినా కింద పడేసేది కాదు. రెండు సీజన్లు అలా గడిచాక నాకు బాగానే వచ్చేసిందనుకున్నాను. ఒక జనవరి రాత్రి, మధ్యాహ్నం కురిసిన వాన గడ్డకట్టి కొండంతా గాజు పలకలా అయిపోయింది. ఆ రాత్రి నేను తిప్పిన ప్రతి మలుపూ మలుపు కాదని తెలిసింది. బోర్డుని అడ్డంగా పెట్టి జారడం తప్ప రెండేళ్ళలో నేను నేర్చుకున్నదేమీ లేదు. మెత్తటి మంచు మీద అది బయటపడలేదు, అంతే.

క్యాంబర్, రాకర్ సంగతి చాలామంది చాలా క్లిష్టంగా చెబుతారు. బోర్డుని చదునైన నేల మీద పెట్టండి. నడుము కింద వేళ్ళు దూరితే అది క్యాంబర్. నడుము నేలకి ఆనుకుని కొసలు ముందే పైకి లేస్తుంటే రాకర్. క్యాంబర్ మీద నిలబడితే ఆ విల్లు వంపు అణిగి, బరువు ముక్కు వైపుకీ తోక వైపుకీ పాకుతుంది, అందుకే అంచు పొడుగునా మంచుని కరుస్తుంది. రాకర్‌లో బరువు నడుము దగ్గరే ఉండిపోతుంది. తిప్పడం తేలిక, లోతు మంచులో ముక్కు మునగదు, కానీ ఐస్ మీద పట్టు తక్కువ. రెండూ కలిపినవాటిలో ఏది మధ్యలో ఉంది, ఏది కొసల్లో ఉంది అని తప్పకుండా అడగండి. కాళ్ళ మధ్య రాకర్ పెట్టి అటూ ఇటూ క్యాంబర్ ఇచ్చేవీ ఉన్నాయి, వాటి నడక వేరే.

కొనడానికి వెళ్ళిన మొదటి షాపులో అతను నా బరువు అడగలేదు. బోర్డుని నా పక్కన నిలబెట్టి, మీ ముక్కు దాకా వచ్చింది కాబట్టి ఇదే మీ సైజు అన్నాడు. అది 161, పైగా గట్టి రకం. బోర్డుకి మన ఎత్తు తెలియదు, దాని మీద పడే బరువే తెలుస్తుంది. వెడల్పుకి మన పాదం తెలుస్తుంది. బూటు కొస అంచు దాటి మరీ బయటికొస్తే, బోర్డు వాల్చినప్పుడు అది మంచుకి తగిలి పడేస్తుంది. మరీ వెడల్పైతే ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మారడానికి బండ తిప్పినంత పని. 9.5 సైజుకి 25, 25.5 మధ్య నాకు సరిపోయింది. 11 దాటినవాళ్ళు వైడ్ రకం చూసుకోవాలి.

ఆ 161 నేను కొనకుండా ఆపింది సియాటెల్ పక్కన బోథెల్‌లో ఉండే మా సీనియర్ అన్న. "ఒక్క రోజు అద్దెకి తీసుకుని చూడరా బాబూ, షాపులో తివాచీ మీద నిలబడితే ఏం తెలుస్తుంది" అన్నాడు. కొండ దగ్గర డెమో బోర్డులు ఇస్తారు, డబ్బు కట్టి రోజంతా మార్చి మార్చి చూడొచ్చు. నాలుగు బోర్డులు చూశాను. పొద్దున్న బాగుందనిపించింది మధ్యాహ్నానికి తొడలు లాగేసింది. మూడింటికి కాళ్ళు అలిసిపోయాక కూడా మాట విన్నది ఈ 156 ఒక్కటే. ఏప్రిల్లో తగ్గింపు ధరకి అదే కొన్నాను.

మొదటి వారం ఏడిపించింది. లిఫ్ట్ (కొండ పైకి తీసుకెళ్ళే కుర్చీలు) వైపు వెళ్ళే చదును దారిలో హాయిగా నిలబడి వస్తున్నాను. పాత బోర్డు మీద అయితే ఏమీ అయ్యేది కాదు. దీని కింది వైపు అంచు మంచుకి చిక్కింది, నేను వెల్లకిలా. వెన్నుపూస కొస మీద పడ్డాను. మూడు రోజులు ఆఫీసులో నిలబడే మీటింగులు. చదునులో కూడా ఏదో ఒక అంచు మీద కొద్దిగా బరువు ఉంచాలని పాఠం చెప్పిన టీచర్ రెండేళ్ళ కిందటే చెప్పింది. పాత బోర్డు ఆ పాఠం అక్కర్లేకుండా చేసింది.

ఈ బోర్డు తప్పు చేసిన క్షణంలోనే చెబుతుంది. వెనక కాలి మీద బరువు వేసి తిప్పబోతే తిరగదు. భుజాలు ఒకవైపు, నడుము ఇంకోవైపు పోతే వణుకుతుంది. అలాగని చంపేయదు. పదికి ఎనిమిది, తొమ్మిది ఉండే గట్టి బోర్డులు తప్పుకి శిక్ష వేస్తాయి, నేర్చుకునే తీరిక ఇవ్వవు. ఇది మొట్టికాయ వేసి వదిలేస్తుంది. మెల్లగా పైకొచ్చే వాళ్ళకి మధ్యస్థం గట్టిదనం అని అందరూ అనేది ఇందుకేనని నాకు రెండో నెలలో అర్థమైంది.

కార్వింగ్, అంటే జారకుండా అంచు మీదే కోసుకుంటూ తిరగడం, వచ్చిన రోజు గుర్తుంది. ఉదయాన్నే, యంత్రంతో దువ్విన మంచు మీద ఇంకా ఎవరూ రాలేదు. బోర్డు పక్క అంచు నిటారుగా ఉండదు, లోపలికి వంగి ఉంటుంది. నా దాని వంపుని పెద్ద వృత్తంగా సాగదీస్తే వ్యాసార్థం దాదాపు ఎనిమిది మీటర్లు. అంచు మీదకి వాల్చి ఊరుకుంటే ఆ వంపే మనల్ని తిప్పుతుంది, తొయ్యక్కర్లేదు. లిఫ్ట్ ఎక్కి కిందకి చూస్తే నా గీతలు కనిపించాయి: అప్పటిదాకా చీపురుతో ఊడ్చినట్టుండేవి, ఆ రోజు మూడే మూడు పెన్సిల్ గీతలు, సన్నగా. నాలుగోది మళ్ళీ చీపురే. ఆ మూడు గీతల ఫోటో ఇంకా ఫోన్‌లో ఉంది. మా ఆవిడకి చూపిస్తే "ఇందులో ఏముంది?" అంది.

మా దగ్గర మంచు గురించి కూడా చెప్పాలి. స్నోక్వాల్మీ పాస్ ఎత్తు 3,022 అడుగులే. సముద్రం దగ్గర, చలి తక్కువ, అందుకే పడేది తడి మంచు. ఇక్కడి క్యాస్కేడ్ కొండల పేరుతో క్యాస్కేడ్ కాంక్రీట్ అని వెటకారం. మధ్యాహ్నం దాటితే ఇడ్లీ పిండిలో బోర్డు నడిపినట్టుంటుంది. అలాంటప్పుడు మెత్తటి ముక్కు పిండిలో కూరుకుపోయి ఆగుతుంది, కొంచెం గట్టి బోర్డు కోసుకుంటూ పోతుంది. యూటా, కొలరాడోల్లో పొడి మంచు మీద తిరిగేవాళ్ళు ఈ లెక్కని నమ్ముకోకండి.

లోతు మంచులో ఇది మహా అయితే పర్వాలేదు. స్టీవెన్స్‌లో ఒక తెల్లవారుజామున మోకాలి లోతు పడింది, బైండింగ్స్‌ని (బూట్లని బోర్డుకి బిగించే పట్టీలు) ఒక రంధ్రం వెనక్కి జరిపినా మధ్యాహ్నానికి వెనక తొడ మండిపోయింది. పౌడర్ బోర్డులు (లోతైన మెత్తటి మంచు కోసం చేసినవి) ఉన్నవాళ్ళు పక్కనుంచి తేలుతూ పోయారు. ఏడాదికి అలాంటి రోజులు నాకు మూడో నాలుగో. వాటికోసం ఇంకో బోర్డు కొనేంత లేదు. మొగల్స్ (వాలు మీది మంచు గుబ్బలు) మీద బాగాలేదు, కానీ అది నా తప్పా దాని తప్పా తేల్చలేను. పార్కులో (గెంతడానికి దిబ్బలు కట్టిన చోటు) గెంతులు నా వయసుకి వద్దు.

వాషింగ్టన్ రాష్ట్రంలోనే బోర్డులు తయారుచేసే మెర్విన్ కంపెనీ వాళ్ళ లిబ్ టెక్, గ్నూ (GNU) బోర్డుల్లో చాలావాటికి బ్రెడ్డు కోసే కత్తిలా అలలు తేలిన అంచులుంటాయి. అన్న బోర్డు అదే. సగం రోజు తీసుకుని చూశాను, గట్టి ఐస్ మీద ఆ పట్టు నాకు బాగా తెలిసింది. నాది మామూలు అంచు. రాత్రిపూట ఐస్ మీదే ఎక్కువ తిరిగేవాళ్ళు అదీ చూడండి.

సింటర్డ్ అడుగు వేగంగా పోతుంది, కాని వాక్స్ (జారడానికి పూసే మైనం) తాగుతుంది. నాలుగైదు రోజులు పట్టించుకోకపోతే అంచుల పక్కన తెల్లబడి పొడిబారుతుంది. చదును దారుల్లో స్కీ వాళ్ళు కర్రలతో నెట్టుకుంటూ పోతుంటే మనం ఒక కాలు విప్పి ఈడ్చుకోవాలి. అందుకే గరాజ్‌లో నేనే వాక్స్ వేస్తాను, పాత ఇస్త్రీ పెట్టెతో. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టే. ఆ పెట్టెని మళ్ళీ బట్టల దగ్గరికి తేకూడదు. ఒకసారి అమ్మ ఖమ్మం నుంచి వీడియో కాల్‌లో చూసి, "ఇస్త్రీ బల్లకే ఇస్త్రీ చేస్తున్నావేంట్రా?" అంది.

అరుగుదల సంగతి. రెండో సీజన్లో తడి సంచిలోనే కారు డిక్కీలో వారం వదిలేశాను, అంచులు తుప్పు పట్టాయి. నా నిర్లక్ష్యమే, రుద్దితే పోయింది. తోక దగ్గర పై పొర పెచ్చులూడింది, గోడకి ఆనించి పెట్టే అలవాటు వల్ల. యాభై రోజులు దాటాక మొదటి ఏడాది ఉన్న చురుకు కాస్త తగ్గిందనిపిస్తోంది. బైండింగ్ స్క్రూలు ఒకసారి లిఫ్ట్ మీద ఉండగా వదులయ్యాయి. అప్పటినుంచి జేబులో చిన్న స్క్రూడ్రైవర్.

డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే నేను ముందు బూట్లే అంటాను. నా పాత బూట్లలో మడమ లేచేది. మడమ లేస్తే టో ఎడ్జ్ (కాలి వేళ్ళ వైపు అంచు) మీదకి వెళ్ళమని చెప్పిన మాట బోర్డుకి ఆలస్యంగా చేరుతుంది. కొత్త బూట్లు వేసుకున్న రోజు బోర్డు మార్చినంత తేడా వచ్చింది. ఆ వరుస తెలిసుంటే బోర్డు ఆరు నెలలు ఆలస్యంగా కొనేవాడిని.

ఇంకా మొదటి పది రోజుల్లో ఉన్నవాళ్ళు దీని జోలికి రాకండి, అద్దె బోర్డు చాలు. బరువు 60 కిలోల లోపు ఉంటే ఇదే మోడల్లో 150 దగ్గర చూడండి, లేకపోతే క్యాంబర్ అణగనే అణగదు.

పాత 151 ఇంకా గరాజ్‌లోనే ఉంది. డిసెంబర్లో మా బామ్మర్ది వస్తున్నాడు, నేర్చుకుంటానంటున్నాడు. ఆ నీలం బోర్డు ఫోటో పంపితే తెగ నచ్చేసింది. రంగు బాగుందట. బూటు సైజెంత అని అడిగాను. పన్నెండట.