స్లో కుక్కర్‌లో చికెన్, బ్రెడ్డు స్టఫింగ్: కర్నూలు వంటింట్లో ఏళ్ల వాడకం తర్వాత

స్లో కుక్కర్, అంటే గంటల తరబడి సన్న వేడి మీద ఉడికించే కరెంటు గిన్నె, కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను ముందు ఒక్క మాట చెబుతాను: దాంట్లో నీళ్లు ఆవిరైపోవు. ఈ సంగతి పట్టుకుంటే ఏది వండాలో, ఏది వండకూడదో మీకే తెలిసిపోతుంది. మూతకు తగిలిన ఆవిరి మళ్లీ చుక్కలై గిన్నెలోకే దిగుతుంది. కోడి ముక్కల్లోంచి ఊరిన నీళ్లు, ఎర్రగడ్డల్లోంచి ఊరిన నీళ్లు, మనం పోసినవి, అన్నీ లోపలే ఉంటాయి. మన కోడి పులుసుకు ఈ గుణం పనికిరాదు. కోడి ముక్కల మీద ఎండు బ్రెడ్డు పరిచి ఉడికించే అమెరికా వంట చికెన్ స్టఫింగ్‌కు మాత్రం ఇదే కావాలి. పైన పరిచిన ఎండు బ్రెడ్డు ఆ నీళ్లన్నీ పీల్చుకుని, కోడి రుచిని తనలోకి తెచ్చుకుంటుంది. నాకు ఈ కుక్కర్ మీద నమ్మకం కుదిరింది ఆ వంటతోనే.

మాది మూడున్నర లీటర్లది. లోపల బరువైన పింగాణీ గిన్నె, పైన గాజు మూత, ముందు ఒక మీట. ఆఫ్, లో, హై, వార్మ్, అంతే. 200 వాట్లది కాబట్టి ఆరు గంటలు నడిచినా 1.2 యూనిట్లకు మించి కాలదు. లోలో పెట్టినా హైలో పెట్టినా చివరికి వేడి మరుగుకు దగ్గరగానే చేరుతుంది. హైలో తొందరగా చేరుతుంది, లోలో మెల్లగా, అదే తేడా. పిడకల దాలి మీద పాలకుండ పెట్టిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా ఏమీ అనిపించదు. దీన్ని కనిపెట్టిన అమెరికా ఆయన ఇర్వింగ్ నాక్సన్‌కు కూడా ఆలోచన అలాంటి చోటే పుట్టింది. లిథువేనియాలో యూదులు శుక్రవారం సాయంత్రం మాంసం, చిక్కుడు గింజలు కుండలో వేసి, ఆరిపోతున్న బేకరీ పొయ్యిలో రాత్రంతా వదిలేసేవారట. ఆయన తన ఇంటి పెద్దల నోట ఆ సంగతి విన్నాడు. 1940లో పేటెంటు వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొని, 1971లో క్రాక్-పాట్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. మరుసటి ఏడాదే, 1972లో, అక్కడ స్టవ్ టాప్ అనే డబ్బా స్టఫింగ్ కూడా వచ్చింది. కోడి ముక్కలు, డబ్బా సూపు, డబ్బా స్టఫింగ్ ఒకదాని మీద ఒకటి వేసి ఆఫీసుకు వెళ్లిపోయే రాత్రి భోజనం అక్కడి ఇళ్లలో మామూలైంది.

మా ఆడబిడ్డ అక్కడే ఉంటుంది. ఒకసారి వచ్చినప్పుడు ఆ డబ్బాలు తెచ్చింది. "వదినా, ఇందులో వంట ఏమీ లేదు, డబ్బాలు కోసి పోయడమే" అంటూ మా ఇంట్లోనే చేసి చూపించింది. తన పాత కుక్కర్ కూడా తెచ్చిస్తానంది కానీ నేను వద్దన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి కుక్కర్‌ను నేరుగా మన ప్లగ్గులో పెడితే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ వేడి పుట్టి మాడిపోతుంది. ఎవరైనా ప్రేమతో మోసుకొస్తామన్నా ఒప్పుకోకండి, ఇక్కడిదే కొనుక్కోండి.

డబ్బాలు అయిపోయాక మన ఊళ్లో దొరికేవాటితోనే చేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు డబ్బా వంటకన్నా ఇదే బాగుంటుందని గట్టిగా చెప్పగలను.

ముందు బ్రెడ్డు సంగతి. మన బేకరీల్లో దొరికే మిల్క్ బ్రెడ్డు, రస్కులు, బన్నులు అన్నీ తీపి. వాటితో చేస్తే ఉప్పటి వంటకు పాయసం వాసన వస్తుంది. తీపి లేని శాండ్‌విచ్ బ్రెడ్డు గానీ, గోధుమ బ్రెడ్డు గానీ అడిగి తెచ్చుకోండి. 250 గ్రాములు తీసుకుని చిన్న చిన్న ముక్కలు కోసి మేడ మీద ఎండబెట్టండి. ఈ విషయంలో కర్నూలు ఎండను మించిన ఓవెన్ లేదు. ఏప్రిల్‌లో పొద్దున పళ్లెంలో పరిస్తే మధ్యాహ్నానికి వేళ్ల మధ్య పటుక్కుమని విరుగుతాయి. వానాకాలంలో పెనం మీద సన్న సెగన కలుపుతూ ఉండాలి. మెత్తటి బ్రెడ్డు వేస్తే మాత్రం ఎంత మంచి కోడి వేసినా చివరికి మిగిలేది జావే. ఎండినదైతేనే పులుసు పీల్చుకుని కూడా ముక్క ముక్కగా నిలబడుతుంది.

కోడి బ్రాయిలర్ సరిపోతుంది. ఎద ముక్కలు వద్దు, నాలుగు గంటలు దాటితే దూదిలా పొడిబారిపోతాయి. తొడ మాంసం ఎముక తీసి ఇమ్మని అడగండి, మా వీధి చివరి కొట్టతను అడిగితే తీసిస్తాడు. ఒక ముప్పావు కిలో చాలు. ఆ తీసేసిన ఎముకలు పారేయనీయకండి. నాలుగు మిరియాలు, ఒక ఎర్రగడ్డ వేసి అరగంట ఉడికిస్తే మనకు కావలసిన నీళ్లు అవే. డబ్బా సూపుకు బదులుగా మూడు చెంచాల వెన్నలో మూడు చెంచాల మైదా పచ్చి వాసన పోయేదాకా వేయించి, ఆ ఎముకల నీళ్లు ఒక గ్లాసు, పాలు అర గ్లాసు పోసి చిక్కగా కాచుకోండి. మైదా పట్టి ఉంటుంది కాబట్టి గంటల తరబడి వేడిలో ఉన్నా పాలు విరగవు. పెరుగు మాత్రం ముందే వేయొద్దు, తప్పకుండా విరుగుతుంది.

ఇక వాసనకు అమెరికా వాళ్లు థైమ్, సేజ్ అనే ఎండు ఆకులు వేస్తారు. ఆ సీసాల కోసం తిరగాల్సిన పని లేదు. థైమ్‌కు ఆ ఘాటు ఇచ్చేది థైమాల్ అనే పదార్థం. మన వాములో ఉండేదీ అదే. ఒక అర చెంచా వాము అరచేతిలో నలిపి వెన్నలో వేయండి. పెరట్లో వాము ఆకు మొక్క ఉంటే నాలుగు ఆకులు సన్నగా తరిగి కలపండి, ఇంకా మంచిది. రెండు ఎర్రగడ్డలు, కొత్తిమీర కాడలు వెన్నలో మెత్తబడేదాకా వేయించి, వాము కలిపి, బ్రెడ్డు ముక్కలకు పట్టించాలి. ఈ వేయించడం పొయ్యి మీదే చేయాలి. కుక్కర్‌లో ఏదీ వేగదు, అంచుకు అంటుకున్నది తప్ప ఏదీ ఎర్రబడదు, ఎర్రగడ్డలు పచ్చివి వేస్తే ఆ పచ్చి వాసన చివరిదాకా పోదు.

గిన్నెకు లోపలంతా వెన్న రాసి అడుగున కోడి ముక్కలు పరచండి. ఉప్పు, మిరియాల పొడి చల్లి, కాచిన పాల గ్రేవీ పోయండి. దాని మీద బ్రెడ్డు. రెండూ కలిపేయకూడదు. మిగిలిన ఎముకల నీళ్లు ముప్పావు గ్లాసు బ్రెడ్డు మీద అక్కడక్కడ చిలకరిస్తే చాలు, తక్కినది కింద నుంచి కోడే ఇస్తుంది. ఇప్పుడు ఒక నూలు గుడ్డ మడిచి మూతకు లోపలివైపు బిగువుగా పెట్టి, చెంగులు వేలాడకుండా మూత పైకి కట్టేయండి. మూత మీద చేరే నీటి చుక్కలను ఆ గుడ్డ పట్టుకుంటుంది. ఈ గుడ్డ పెట్టడం మొదలయ్యాకే మా ఇంట్లో స్టఫింగ్ పై పొర నిజంగా స్టఫింగ్ అయింది. లోలో నాలుగున్నర నుంచి ఐదు గంటలు. మధ్యలో మూత తీయొద్దు. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది.

వంట అయిందని కంటితో చూసి నమ్మకండి. కోడి లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. గుచ్చి చూసే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, టెన్షన్ ఉండదు. కోడిని గడ్డకట్టిన ఐసుతో అలాగే వేయకూడదు కూడా. 4 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు బాగా పెరుగుతాయి, ఐసు ముక్క ఆ మధ్యలోనే గంటల తరబడి ఉండిపోతుంది.

మొదట్లో మా అత్తమ్మ ఒక ముద్ద తిని, "పత్తెం కూడు మాదిరి ఉండాదమ్మే, కారం లేకుంటే నాలుక్కేం తెలుస్తాది?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఆ తర్వాతి నుంచి కోడి ముక్కలకు ఎర్రకారం పట్టించడం మొదలుపెట్టాను. దోసె మీద పూసే ఎర్రకారమే: ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఎర్రగడ్డ, ఉప్పు మెత్తగా నూరినది. రెండు చెంచాలు సరిపోతుంది. ఆ కారం వెన్నతో కలిసి పైకి ఎక్కి బ్రెడ్డు అడుగు పొరంతా ఎర్రగా చేస్తుంది. ఇప్పుడు అత్తమ్మే "ఆ రొట్టె కూర ఎప్పుడు?" అని అడుగుతుంది. పిల్లలకు అంచున అంటుకుని కొద్దిగా ఎర్రబడిన ముక్కలంటే పోటీ.

నేను బడిలో పనిచేస్తాను. మామూలు రోజుల్లో పొద్దున వెళ్తే సాయంత్రానికే ఇల్లు. ఎనిమిది తొమ్మిది గంటలు ఈ వంటకు చాలా ఎక్కువ, కోడి పీచు పీచుగా విడిపోతుంది. ఒంటిపూట బడులు మొదలైతే మాత్రం దీనికి సరిగ్గా కుదురుతుంది. పొద్దున ఏడు దాటాక మీట తిప్పి వెళ్లి, ఎండలో ఇంటికి వచ్చేసరికి భోజనం సిద్ధం. ఆ ఎండల్లో మధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడకుండా ఉండటం ఎంత సుఖమో ఇక్కడి ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అయితే టైమరు పెట్టి, పచ్చి కోడిని గంటల తరబడి అలా ఉంచి, తర్వాత వేడి మొదలయ్యేలా చేయకండి. 42 డిగ్రీల ఊళ్లో అది ప్రమాదం.

కరెంటు కోత గురించి. మీట ఉన్న కుక్కర్ కరెంటు రాగానే ఆగిన చోటి నుంచి తానే మొదలవుతుంది. డిజిటల్ బటన్లు ఉన్నవాటిలో చాలావరకు కరెంటు పోతే ఆఫ్ అయి అలాగే ఉండిపోతాయి. అందుకే నేను మీటదే మంచిదంటాను. కానీ తానే మొదలవడంలో ఒక చిక్కుంది: మనం లేనప్పుడు ఎంతసేపు ఆగిందో తెలియదు. మేము వంటగదిలో ఒక ప్లగ్గును ఇన్వర్టర్ లైనుకు కలిపించుకున్నాం. 200 వాట్లు దానికి పెద్ద బరువేమీ కాదు. అలా కలిపించుకోలేనివాళ్లు ఇంట్లో ఎవరైనా ఉన్న రోజే వండుకోవడం మేలు. వంట మధ్యలో రెండు గంటలకు మించి కరెంటు పోతే ఆ కోడిని పారేయాల్సిందే, పైకి ఉడికినట్టు కనిపించినా సరే.

మన వంటల్లో ఇది దేనికి పనికొస్తుందంటే, మళ్లీ ఆ నీళ్ల లెక్కే. నాటుకోడి మెత్తగా ఉడుకుతుంది, అందులో సందేహం లేదు. కానీ పులుసు పలచగా మిగులుతుంది, మసాలా నూనె పైకి తేలదు. సంగటిలోకి ఆ పులుసు నాకు నచ్చలేదు. పొయ్యి మీద కుండలో చేసినదే చేసినది. వేపుళ్లు అసలే కావు. నీళ్లు తాగే పదార్థం ఏదైనా ఉంటే మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. మా పక్కింటి ఆపా రంజాన్ నెలలో చెబితే గోధుమ రవ్వ, మాంసం, పప్పులు కలిపి హలీంకు ఇందులోనే ఉడికించాను. తర్వాత ఇద్దరం కలిసి పప్పుగుత్తితో మెదిపాం. అడుగంటుతుందన్న భయం లేకుండా అంత జిగురు పొయ్యి మీద రావాలంటే ఒక మనిషి అక్కడే నిలబడాలి. మేక కాళ్లు రాత్రంతా లోలో పెడితే పొద్దున్నకు పాయా తయారు, అక్కడ నీళ్లు ఉండాల్సిందే కాబట్టి గొడవే లేదు. రాజ్మా గింజలు మాత్రం నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొయ్యి మీద కనీసం పది నిమిషాలు తెర్లిన తర్వాతే ఇందులో వేయండి. వాటిలోని విషగుణం ఈ సన్న వేడికి పోదు.

మన్నిక విషయానికి వస్తే గిన్నె గట్టిది. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పోయకూడదు, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టకూడదు, అంతే. మాకు పోయింది మూత పిడి. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే విడిగా మూత దొరకదు, కొత్త కుక్కర్ కొనుక్కోండన్నారు. కొన్న వస్తువుకు ఒక మూత కూడా ఇవ్వలేని తీరు నాకు చాలా బాధ కలిగించింది. ఓల్డ్ టౌన్‌లో పాత్రలు బాగుచేసే ఒక పెద్దాయన స్క్రూ మార్చి వేరే పిడి బిగించి ఇచ్చాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది. కొనేముందు మూత, లోపలి గిన్నె విడిగా దొరుకుతాయా అని అడిగి, దొరుకుతాయన్న చోటే కొనండి.

నలుగురైదుగురు ఉన్న ఇంటికి మూడున్నర లీటర్లు చాలు. గిన్నె సగానికి తక్కువ ఉన్నా, మూడింట రెండొంతులు దాటినా ఉడకడంలో తేడా వస్తుంది, కాబట్టి పెద్దది కదా అని ఆరు లీటర్లది కొనొద్దు. మిగిలిన స్టఫింగ్‌ను చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ వేడి చేయడానికి ఈ కుక్కర్ పనికిరాదు, వేడెక్కడానికి చాలాసేపు తీసుకుంటుంది. మరుసటి పొద్దున ఆ బ్రెడ్డు, కోడి కలిపి మెదిపి, ఒక గుడ్డు కొట్టి, తట్టి పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చండి. మా ఇంట్లో కొందరు దానికోసమే ముందురోజు రాత్రి తక్కువ తింటారు.